భర్తకి బ్లడ్ క్యాన్సర్... మరి భార్య మూలుగ ఎందుకు పనికిరాదు?

ఈరోజు ఎపిసోడ్ కొంచెం బరువుగా ఉంటుంది. కానీ మధ్యలో ఆపేయకండి, ఇందులో మీతో కూడా ఒక పని ఉంది.

కూర్మన్నపాలెంలో మాకు తెలిసిన జంట ఒకటి. విషయం చెప్పండి, పేర్లు మాత్రం వద్దన్నారు. ఆయనది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, వయసు 34. జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నైట్ షిఫ్టులు కదా, అలసట అనుకున్నారు. ఒకరోజు బ్రష్ చేస్తుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. టెస్ట్ చేయిస్తే ప్లేట్‌లెట్స్ 14 వేలు. మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసం కూడా పట్టేశారు. నాలుగో రోజుకి తుంటి ఎముక నుంచి మూలుగ తీసి చూసి, ఏఎంఎల్ అన్నారు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా.

ఆవిడ డాక్టర్‌తో అన్న మొదటి మాట, "నా మూలుగ తీసుకోండి సార్, ఎంత కావాలంటే అంత." ఆయన ఫైల్లోంచి తల కూడా ఎత్తకుండా, "మీది కలవదమ్మా. ఆయనకి అన్నదమ్ములున్నారా?" అన్నారట.

ఆ రాత్రి ఆవిడ నాకు ఫోన్ చేసింది. క్యాన్సర్ గురించి కాదు. "తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. ఇప్పుడు నేను పరాయిదాన్నా?"

నాకు అప్పుడు జవాబు రాలేదు. ఇప్పుడు చెప్తాను.

మన రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్స్, మూడూ అక్కడివే. ఏఎంఎల్‌లో పూర్తిగా ఎదగని కణాలు విపరీతంగా పుట్టి ఆ చోటంతా ఆక్రమించేస్తాయి. రిపోర్ట్‌లో వాటి పేరు బ్లాస్ట్స్. (వైజాగ్ వాళ్ళకి బ్లాస్ట్ అంటే ఫర్నేసే గుర్తొస్తుంది. ఇది వేరే మాట, గ్రీకులో మొలక అని అర్థం.) మంచి కణాలకి చోటు లేదు కాబట్టే ఆ జ్వరం, ఆ నీరసం, ఆ రక్తం కారడం. తయారీయే ఆగిపోయిన చోట ఏ ఆకు రసం ఏం చేస్తుంది చెప్పండి.

ఇంకో మాట. బ్లడ్ క్యాన్సర్ అంటే ఒకే జబ్బు కాదు. సీఎంఎల్ అనే రకానికి ఇమాటినిబ్ అని రోజూ వేసుకునే మాత్ర ఉంది. దాని పేటెంట్ గొడవలో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా ఉంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కి పేటెంట్ ఇవ్వడం కుదరదనడంతో తక్కువ ధర మందు నిలబడింది. ఆ మాత్ర మీద ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు. కాబట్టి "మా బాబాయికి మాత్రతో తగ్గిపోయింది" అని ఎవరన్నా అంటే, ముందు ఏ రకమో అడగండి.

ఏఎంఎల్‌కి అంత టైమ్ ఉండదు. ఎక్కువమందికి మొదట ఇచ్చే కీమోని సెవెన్ ప్లస్ త్రీ అంటారు. ఒక మందు 7 రోజులు, ఇంకోటి 3 రోజులు. అది చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ ఊడ్చేస్తుంది. మళ్ళీ కణాలు పుట్టడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అసలు గండం ఆ వారాలే. అప్పుడు జ్వరం 100.4 దాటిందంటే డోలో వేసి పొద్దున చూద్దాం అనుకోకూడదు. మాత్ర జ్వరాన్ని దాస్తుంది, ఇన్ఫెక్షన్‌ని ఆపదు. అర్ధరాత్రయినా హాస్పిటల్‌కే.

సరే, మూలుగ సంగతి. రక్తం గ్రూప్ కలిస్తే చాలదు. హెచ్ఎల్ఏ అని ఇంకో గుర్తింపు ఉంది, మన కణాలకి ఆధార్ లాంటిది. అందులో సగం నాన్న నుంచి, సగం అమ్మ నుంచి వస్తుంది. తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. కన్నపిల్లలతో, తల్లిదండ్రులతో ఎప్పుడూ సగం కలుస్తుంది. ఈమధ్య సగం కలిసినా ట్రాన్స్‌ప్లాంట్ చేస్తున్నారు. భార్యాభర్తలది వేరు వేరు ఇళ్ళ రక్తం. అంతే, ఇందులో ప్రేమ లెక్కకి రాదు. అయితే మన దగ్గర మేనరికాలు ఉన్నాయి కదా, వాళ్ళలో సగం కలిసే అవకాశం మామూలు జంటల కన్నా ఎక్కువ. మీది మేనరికమైతే డాక్టర్‌కి చెప్పండి, దాచుకోవాల్సిందేమీ లేదు.

ఇదే మాట ఒకప్పుడు గోర్బచేవ్ కూడా విన్నాడు. మన ప్లాంట్ సోవియట్ సహకారంతో కట్టిందే. గోదావరి అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన 1990లో ఆ దేశాన్ని ఏలుతున్నది ఆయనే. 1999 జూలైలో ఆయన భార్య రయీసాకి అక్యూట్ లుకేమియా అని తేలింది. జర్మనీలో మ్యూన్‌స్టర్ యూనివర్సిటీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. మూలుగ ఇవ్వాల్సింది ఎవరు? ఆవిడ చెల్లెలు. ప్రపంచాన్ని మార్చిన మనిషి పక్కన కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. ట్రాన్స్‌ప్లాంట్ దాకా రాకుండానే సెప్టెంబర్ 20న ఆవిడ పోయారు. ఇంకో ఐదు రోజులైతే వాళ్ళ పెళ్ళయి 46 ఏళ్ళు.

అది పాతికేళ్ళ కిందటి మాట, ఆవిడ వయసు 67. ఇప్పుడు పరిస్థితి చాలా మారింది. అందరికీ ట్రాన్స్‌ప్లాంట్ అవసరం లేదు కూడా, జన్యు రిపోర్ట్ చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. ఒకవేళ దాని ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. అన్నదమ్ముల, పిల్లల రక్తం రోగికి ముందే ఎక్కించకూడదు. ఒంటికి ఆ కణాలు పరిచయమైపోతే, రేపు వాళ్ళ మూలుగ పెట్టినప్పుడు తిప్పికొట్టొచ్చు. తమ్ముడు చెయ్యి చాపి "నాది తీసుకోండి" అంటే కాదనడం చాలా కష్టం. కానీ కాదనాలి.

మరి ప్లేట్‌లెట్స్ ఎవరిస్తారు? ఇక్కడే మీరు వస్తారు.

ప్లేట్‌లెట్స్ నిల్వ ఉండేది 5 రోజులే. ముందే తెచ్చి దాచడం కుదరదు. ఒకే మనిషి నుంచి మెషీన్‌తో తీసేదాన్ని ఎస్‌డీపీ అంటారు. గంట, గంటన్నర పడుతుంది, ఫోన్ చూసుకుంటూ కూర్చోవచ్చు. బరువు 50 కిలోలు దాటాలి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. 48 గంటల తర్వాత మళ్ళీ ఇవ్వొచ్చు. ఇక చెన్నైలో 2009లో మొదలైన దాత్రి లాంటి రిజిస్ట్రీలో పేరు ఇస్తే, బుగ్గ లోపల దూదిపుల్లతో ఒక శాంపిల్, అంతే. తెలుగువాళ్ళకి కలిసేవాళ్ళు ఎక్కువగా తెలుగువాళ్ళలోనే దొరుకుతారు.

భార్య పని తక్కువేం కాదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలని తలుపు దగ్గరే ఆపాలి, పొగరుబోతు కోడలు అనిపించుకోవాలి. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం, ఆ డెస్క్ దగ్గర నిలబడాలి. ఇంకోటి, పెద్దవాళ్ళ ముందు ఎవరూ అడగలేరు. కీమో తర్వాత పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చు. మగవాళ్ళకైతే మొదలుపెట్టకముందే వీర్యం ఫ్రీజ్ చేయించడం ఒక్కరోజు పని. ఆడవాళ్ళకి అండాలు దాచాలంటే రెండు వారాలు కావాలి, ఏఎంఎల్ చాలాసార్లు అంత టైమ్ ఇవ్వదు. మా వాళ్ళకి ఒక పాప ఉంది. రెండో బిడ్డ మాట కారిడార్‌లో నర్సుని చాటుగా అడిగింది ఆవిడే. ఆ మధ్యాహ్నమే పని అయిపోయింది.

వైజాగ్‌లో ఎక్కడికెళ్ళాలో తెలియనివాళ్ళకి, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ 2014 నుంచి ఉంది. గాజువాక దాటి హైవే మీదే. చాలామంది దాని ముందు నుంచే రోజూ డ్యూటీకి వెళ్తుంటారు.

ఆవిడ ఫోన్‌లో ఇప్పుడు ఒక లిస్ట్ ఉంది. 23 పేర్లు, ఎవరు ఏ తారీకున ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు ఇవ్వొచ్చు. సగం మంది ఆయనతో షిఫ్ట్ చేసినవాళ్ళు. ఇద్దరిని ఆవిడ అసలు చూడనే లేదు. వాళ్ళ అన్నయ్య హెచ్ఎల్ఏ శాంపిల్ పోయిన సోమవారం వెళ్ళింది, రిపోర్ట్ ఇంకా రాలేదు.

ఇవాళ్టికి ఇంతే అండి. ఎస్‌డీపీ ఇచ్చేటప్పుడు చేతికి ఏం చేస్తారో వచ్చే ఎపిసోడ్‌లో నేనే ఇస్తూ చూపిస్తాను.