ప్రొజెక్టరు దీపం మారుస్తున్నారా? తొందర వద్దు!

మండల కేంద్రంలోని ఓ డిగ్రీ కళాశాలలో రెండేళ్ల కిందట పాఠం జరుగుతుండగా ప్రొజెక్టరు నుంచి టపాకాయ పేలినట్లు శబ్దం వచ్చింది. తెర నల్లబడింది. దీపం మార్చాలన్న హెచ్చరిక అంతకు కొన్ని వారాల ముందు నుంచే తెరపై కనిపిస్తున్నా, నిధులు లేవంటూ మీట నొక్కి దాన్ని తొలగిస్తూ వచ్చారు. విద్యార్థులకు ఏమీ కాలేదు. అయితే వెంటనే స్టూలెక్కి మూత తీయబోయిన అటెండరు ముంజేతిపై వేడి గాజు పెంకులు రాలాయి. కాసేపు ఆగాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండలేదు.

లేజర్, ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లకు ఈ బెడద లేదు. బడుల్లో, కల్యాణ మండపాల్లో ఇంకా వాడుతున్న పాతరకం యంత్రాల్లో మాత్రం పాదరసం దీపం ఉంటుంది. ఇది ఇంట్లో వెలిగే బల్బు వంటిది కాదు. చిన్న క్వార్ట్జ్ గాజు బుడ్డిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం, ఒక మిల్లీమీటరు ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. వెలిగించగానే పాదరసం ఆవిరై లోపలి పీడనం 200 బార్ల దాకా పెరుగుతుంది. కారు టైరులోని గాలి పీడనానికి ఇది దాదాపు వంద రెట్లు! వాడేకొద్దీ గాజు తెల్లబారి బలం కోల్పోతుంది. అందుకే తయారీదారులు నమూనాను బట్టి వేల గంటల్లో గడువు విధిస్తారు. గడువు దాటినా వెలుగుతోంది కదా అనుకోవడమే ప్రమాదకరం.

దీపం ముందుగానే పోవడానికి దుమ్ము, కరెంటు కోత ముఖ్య కారణాలు. వడపోత జాలీకి సుద్దపొడి పట్టితే గాలి ఆడదు. కరెంటు హఠాత్తుగా పోతే ఫ్యాను ఆగి వేడంతా లోపలే నిలిచిపోతుంది. చిన్న యూపీఎస్ ఉంటే ఆ రెండు మూడు నిమిషాలు ఫ్యాను తిరుగుతుంది. దీపం ఖరీదుతో పోలిస్తే ఇది దండగ ఖర్చు కాదు.

కొనేటప్పుడు ప్రొజెక్టరు రూపం చూసి కాక, దీపం కోడ్ చూసి అడగాలి. ఉదాహరణకు ఎప్సన్ ఈబీ-ఎక్స్31కు ఈఎల్‌పీఎల్‌పీ88 సరిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ఈబీ-ఎక్స్41కు ఈఎల్‌పీఎల్‌పీ96 కావాలి. కోడ్ పాత దీపం చట్రంపైన, యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వాట్లు తేడా పడితే దీపం త్వరగా మాడిపోతుంది, లేదా అసలు వెలగదు. చట్రం లేకుండా వట్టి బల్బును చవకగా అమ్ముతారు గానీ, దాన్ని పాత చట్రంలో సరిగ్గా కూర్చోబెట్టడం అనుభవం ఉన్న మెకానిక్ పని. అసలు ధరలో నాలుగో వంతుకే ‘కంపెనీ సరుకు’ అంటే నమ్మకపోవడమే మంచిది.

మార్చేముందు ప్లగ్ పూర్తిగా తీసి, కనీసం గంటసేపు చల్లారనివ్వాలి. మరలు వదులు చేసి, పిడి పట్టుకుని చట్రాన్ని తిన్నగా బయటికి లాగాలి. కొత్త దీపం గాజును వేళ్లతో తాకరాదు. చేతి జిడ్డు అంటినచోట వేడి ఎక్కువై పగులు వస్తుంది. పొరపాటున తాకితే స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. మూత గట్టిగా బిగియకపోతే భద్రతా మీట వల్ల దీపం వెలగదు. ఇది తెలియక కొత్త దీపాన్ని దుకాణానికి తిప్పి పంపినవారూ ఉన్నారు. చివరగా మెనూలో దీపం గంటల లెక్కను సున్నా చేయాలి.

దీపం పగిలితే ముందు పిల్లలను బయటికి పంపి, తలుపులు, కిటికీలు తెరిచి అరగంటైనా వదిలేయాలి. పైకప్పుకు బిగించిన యంత్రమైతే మూత తీయగానే పెంకులు ముఖంపై పడతాయి కనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చీపురు, వ్యాక్యూమ్ క్లీనర్ వాడితే పాదరసం మరింత వ్యాపిస్తుంది. అట్టముక్కతో పెంకులను పోగుచేసి, తడి కాగితంతో అద్ది, మూత ఉన్న డబ్బాలో వేయాలి. పాదరసం దీపాలను 2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లోనే చేర్చారు. కాబట్టి పాత దీపాన్ని చెత్తకుప్పలో పారేయకుండా, కొత్తది వచ్చిన పెట్టెలోనే ఉంచి అధీకృత సేకరణ కేంద్రానికి అప్పగించాలి.