టీకాకు బలవంతము కన్న ప్రోత్సాహము మేలు

ఊరిలో నూరు పశువులుండగా తొంబదింటికి టీకా వేయించి పదింటిని వదలినచో, గాలికుంటు వ్యాధి ఆ పదింటి ద్వారా మరల ఊరిలోనికి రావచ్చును. నర్సీపట్నం ప్రాంతమువారు ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను. మైదానపు ఊళ్ల నుండి చింతపల్లి కొండలకు పోవు దారి ఇక్కడి నుండియే ఉన్నది. సంతలకు తోలు పశువులు, ఉమ్మడి బీడులలో మేయు మందలు ఒక ఊరి జాడ్యమును మరియొక ఊరికి చేర్చును.

ఈ జాడ్యము సోకిన పశువుకు నోటిలోను, గిట్టల నడుమను పుండ్లు పడును. పాలు తగ్గును, ఎద్దు నాగలికి పనికిరాదు, లేత దూడలు చనిపోవచ్చును. దీనిని కలిగించు సూక్ష్మజీవిని చంపు మందు లేదు, టీకాయే రక్షణ. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పథకము క్రింద ఈ టీకాను ఆరు మాసములకొకసారి ఉచితముగా వేయు ఏర్పాటు కలదు.

ఉచితమే అయినను కొందరు పశువును చాటుకు తోలుదురు. వారిని మూఢులనుట తగదు. సూది వేసిన పిమ్మట ఒకటి రెండు దినములు జ్వరము, సూది చోట వాపు, పాలు కొంత తగ్గుట కలుగవచ్చును. పాలమ్మి దినము గడుపుకొను ఇంటికి ఇది కంటికి కనబడు నష్టము. టీకా వలని లాభము రాని రోగము. అది కంటికి కనబడదు. అదిగాక, పశువును పట్టుకొని కాచుకొనుటకు ఒక పూట కూలి పోవును.

చట్టము లేకపోలేదు. 2009 నాటి కేంద్ర చట్టము ప్రకారము రాష్ట్ర ప్రభుత్వము ఒక ప్రాంతమును నియంత్రిత ప్రాంతముగా ప్రకటించి టీకాను తప్పనిసరి చేయవచ్చును. కాని దాచిన ఆవును చట్టము ఎట్లు వెదకును? ఇంగ్లండులో 1853లో పసిపిల్లలకు మశూచి టీకాను నిర్బంధము చేసి, వేయించని తల్లిదండ్రులకు జరిమానాలు విధించిరి. 1885లో లెస్టరు పట్టణమున వేలాది జనులు దీనిని ఎదిరించి ఊరేగిరి. తుదకు 1898లో మనస్సు ఒప్పనివారికి మినహాయింపు ఇయ్యవలసి వచ్చెను.

వేరొక మార్గమును రాజస్థానములోని ఉదయపూరు జిల్లా చూపినది. అక్కడ సేవా మందిర్ అను సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు పిల్లల టీకాలపై పరీక్ష జరిపి 2010లో ఫలితములు ప్రకటించిరి. ప్రత్యేక ఏర్పాటు లేని ఊళ్లలో నూటికి 6గురు పిల్లలకు మాత్రమే టీకాలన్నియు పూర్తియైనవి. నెలనెలా తప్పక శిబిరము నడిపిన ఊళ్లలో 18 మందికి పూర్తియైనవి. శిబిరముతోపాటు ప్రతి టీకాకు ఒక కిలో పప్పు, అన్నియు ముగిసిన పిమ్మట భోజనపు పళ్లెములు ఇచ్చిన ఊళ్లలో 39 మందికి పూర్తియైనవి. ఎక్కువమంది వచ్చుటచే ఒక్కొక్క బిడ్డకు అగు ఖర్చు కూడ తగ్గినది. పప్పు ఎవరి మనస్సును కొనలేదు. రేపు చూతములే అను వాయిదాను పోగొట్టినది.

పశువుల విషయములో గ్రామాధికారులు, పాల సంఘములవారు ఈ విధముగా చేసి చూడవచ్చును:

1. శిబిరము తేదీని ముందుగా దండోరా వేయించి, ఆ తేదీని తప్పరాదు. పాలు పితికిన పిమ్మట, మంద బీటికి పోకముందే పని ముగించవలెను.

2. టీకా వేయించిన ప్రతి పశువుకు, చెవి బిళ్ల సంఖ్య వ్రాసుకొని, ఒక పొట్లము ఖనిజ లవణ మిశ్రమము గాని, నట్టల మందు గాని ఇయ్యవలెను. పేద, ధనిక భేదము చూపరాదు.

3. జ్వరము, వాపు రావచ్చునని ముందే చెప్పి, మరునాడు వచ్చి చూచు ఏర్పాటు చేయవలెను. నిండు చూడి పశువుల సంగతి రైతు వైద్యునికి తెలుపవలెను.

4. రానివారిని పదిమందిలో అవమానింపక, ఇంటికి పోయి కారణము అడుగవలెను.

ఈ టీకా ఒకసారితో తీరునది కాదు. భయపెట్టి ఒక విడత వేయింపవచ్చును; ఆరు మాసముల తరువాత ఆ రైతు పశువును మరింత దూరము తోలును. మేలు పొంది తానై వచ్చినవాడు మరల వచ్చును, పొరుగువానిని కూడ తెచ్చును.