దిండు కింద సెల్‌ఫోన్

నిన్నటిదాకా మన చీర కొంగు పట్టుకు తిరిగిన పిల్లలు యూనివర్శిటీలో చేరేసరికి సెల్‌ఫోన్ పట్టుకు తిరుగుతున్నారు. సెలవులకి ఇంటికొచ్చినా కంచం ముందు కూడా కళ్లు అందులోనే. పిలిస్తే పలకరు, లాక్కుంటే ఊరుకోరు. ఏ ఇద్దరు తల్లులు కలిసినా ఇదే మాట.

అయితే తిట్టేముందు ఒక్కటి ఆలోచించాలి. హాస్టల్ పిల్లలకి ఫోన్ లేకుండా రోజు గడవదు. నోట్సు వాట్సాప్‌లో వస్తాయి. ఫీజు కట్టాలన్నా, క్యాంటీన్‌లో టీ తాగాలన్నా ఫోనే. 2016లో జియో వచ్చాక డేటా కూడా చవకైపోయింది. కాబట్టి "ఫోన్ మానెయ్" అంటే కుదిరే పని కాదు. అవసరానికి వాడటం వేరు, అది కనబడకపోతే ప్రాణం గిలగిల్లాడటం వేరు.

ఈ రెండోదానికి 2008లో బ్రిటన్‌లో 'నోమోఫోబియా' అని పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో వీడియో గేముల వ్యసనం ఉందిగానీ, ఫోన్ వ్యసనమంటూ విడిగా లేదు. అందుకని మనమే జబ్బని ముద్ర వెయ్యకూడదు. నిద్ర తగ్గడం, క్లాసులు ఎగ్గొట్టడం, ఫోన్ తీస్తే విపరీతంగా చిరాకు పడటం కనిపిస్తే మాత్రం జాగ్రత్తపడాలి.

ఎందుకు వదల్లేరంటారా? పుస్తకంలో అధ్యాయం అయిపోతుంది, సీరియల్లో 'ఇంకా ఉంది' అని పడుతుంది. రీల్స్‌కి చివరంటూ లేదు. తర్వాత ఏమొస్తుందోనన్న ఆశతో వేలు కదులుతూనే ఉంటుంది.

2017లో అమెరికాలోని టెక్సాస్ యూనివర్శిటీవారు దాదాపు 800 మంది మీద పరీక్ష చేశారు. ఫోన్ మోగకుండా చేసి కొందరిది బల్లమీద, కొందరిది జేబులోనో సంచిలోనో, కొందరిది పక్కగదిలో పెట్టించారు. పక్కగదిలో పెట్టినవాళ్లే బాగా చేశారు. తర్వాత జరిగిన కొన్ని పరీక్షల్లో ఇంత తేడా రాలేదు. అయినా పక్కగదిలో పెట్టి చూడటానికి మనకి ఖర్చేముంది?

ఇంట్లో ఇవి చేసి చూడండి:

* "అలారం కోసం" అంటూ ఫోన్ దిండు కింద పెట్టుకుంటారు. ఓ మామూలు అలారం గడియారం కొనివ్వండి.

* ఛార్జర్ పడగ్గదిలో కాకుండా హాల్లో ఉంచండి.

* చదువుకి, ఇంటికి సంబంధంలేని నోటిఫికేషన్లు ఆపించండి.

* భోజనాల దగ్గర ఎవరి చేతిలోనూ ఫోన్ వద్దు. ఈ నియమం నాన్నగారికీ వర్తిస్తుంది!

* హాస్టల్ పిల్లలతో మాట్లాడటానికి ఓ వేళ పెట్టుకోండి. గంటకో మెసేజ్ పెట్టి "జవాబేదీ?" అంటే వాళ్లు ఫోన్ పట్టుకునే కూర్చోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. మా చెల్లెలి కొడుకు తెల్లారేదాకా రీల్స్ చూస్తున్నాడని ఇంట్లో రోజూ గొడవే. ఒక రాత్రి చెల్లెలు ఫోన్ ఊసెత్తకుండా పక్కన కూచుని "నిద్ర పట్టట్లేదా నాన్నా?" అంది. రెండు సబ్జెక్టులు పోయాయనీ, నాన్నకి చెప్పలేకపోతున్నాననీ వాడు బావురుమన్నాడు. కొందరు పిల్లలు దిగులు దాచుకోడానికే ఫోన్లో తలదూరుస్తారు. అప్పుడు ఫోన్ లాక్కుంటే దిగులు పోతుందా?

మన మాటకి లొంగని దిగులైతే ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రిలో 2014 నుంచి ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమూ? ఇదీ అంతే, ఇందులో నామోషీ పడాల్సిందేం లేదు.