ఇష్టపు నేతకు పూనుకొన్నవారు ఒంటిని మరువరాదు

మాన్కోలిలోను, భివండి చుట్టుపట్లను సాంచాల మీద పనిచేయు మన కుటుంబములలో, కూలి పనికి తోడు సొంత పని ఒకటి పెట్టుకొన్నవారు కలరు. ఒకరు డాబీ మీద కొత్త అంచు ఎక్కించవలెనని పట్టుబట్టియుందురు. మరియొకరు ఊరినుండి తెచ్చుకొన్న పాత మగ్గమును నిలబెట్టి తాతలనాటి చీర నేయవలెనందురు. ఇంకొకరు పోగు తెగినంతనే సాంచా దానంతట అది ఆగునట్లు అమర్పు చేయుటకు రాత్రులు కూర్చుందురు. ఇది మెచ్చదగిన సంగతియే. పొద్దంతయు ఇతరుల గుడ్డ నేసిన చేతికి తన గుడ్డ నేయవలెనను కోరిక ఉండుట సహజము. అయితే ఈ పనికి గంటలు ఎక్కడినుండి వచ్చుచున్నవో లెక్క వేసుకొనువారు అరుదు. ఆ లెక్కను ఇక్కడ వేసి చూతము.

రోజుకు 24 గంటలు. 12 గంటల షిఫ్టు చేయువానికి, 7 గంటల నిద్ర పోగా, 5 గంటలు మిగులును. స్నానము, భోజనము, రాకపోకలు, ఇంటి సరకులు, పిల్లలతో నాలుగు మాటలు, వీటికి మూడున్నర గంటలైనను పట్టును. ఇక చేతిలో ఉన్నది గంటన్నర. ఆరు రోజులకు 9 గంటలు. సెలవునాడు మరి మూడు గంటలు కలుపుకొన్నచో వారమునకు 12 గంటలు. ఇది తక్కువేమియు కాదు. నెలకు సుమారు 50 గంటలు నిలకడగా చేసిన పని ఎంతో దూరము పోవును. దీనికి మించి చేసిన ప్రతి గంటయు నిద్రలోనుండి తీసినదే. అప్పుగా తెచ్చిన నూలు వలె దానికి వడ్డీ కట్టక తప్పదు.

ఆ వడ్డీ మొదట కంటి మీద పడును. నిద్రలేని కన్నునకు తెగిన పోగు కనపడదు. ఫణిలో తప్పు పోగు ఎక్కును. రాత్రి రెండు గంటలు నేసినది తెల్లవారి విప్పవలసివచ్చును. గుడ్డ పోయిన మరల నేయవచ్చును. నడచుచున్న సాంచా దగ్గర కునుకుపాటున చేయి పోయినచో మరల రాదు. నాడె ఎగిరి కంటికి తగిలిన సంగతులు మన పేటలలో తెలియనివి కావు.

ఇచట చింతకింది మల్లేశము గారి సంగతి చెప్పుకొనవలెను. వీరిది ఆలేరు దగ్గరి శారాజిపేట. పోచంపల్లి పద్ధతి చీర కొరకు తల్లి లక్ష్మి గారు పేక నూలును మేకుల చుట్టు ఆసు పోయుచుండిరి. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి అటునిటు ఆడవలెను. రోజుకు రెండు చీరలైనచో 18,000 మారులు. తల్లి భుజము నొప్పిని చూడలేక 1992లో మల్లేశము గారు ఆసు యంత్రమునకు పూనుకొనిరి. అది 1999 వరకు పూర్తికాలేదు. నడుమ డబ్బు చాలక హైదరాబాదు పోయి కరెంటు పని చేసికొనిరి. చివరి చిక్కు విడిపోయినది కూడ తన యంత్రము ముందు కూర్చున్నప్పుడు కాదు. బాలానగరులో వేరొక పనిమీద ఉండగా అక్కడి యంత్రమొకదాని కదలిక చూచినప్పుడు వారికి దారి తోచెను. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగెను. 2017లో వారికి పద్మశ్రీ వచ్చెను.

దీనినుండి మనము రెండు సంగతులు నేర్చుకొనవచ్చును. ఏడేండ్లు పట్టిన పనిని ఏడు రాత్రులలో ముగింపజూచుట తగదు. పనినుండి పక్కకు వచ్చిన గంట వృథా గంట కాదు.

కావున మేము చెప్పునది ఇది. నిద్ర గంటలను ముందు పక్కన పెట్టి, మిగిలిన వేళలోనే సొంత పనికి ఒక సమయము కట్టుకొనుడు. నమూనా ఒక చుట్టు పూర్తికాగానే ఆపి, ఎన్నవ పోటు వద్ద ఆగినదో, రేపు ఏమి చేయవలెనో నోటు పుస్తకములో వ్రాసిపెట్టుడు. కాగితము మీద ఉన్నది తలలో తిరుగదు, నిద్ర పట్టును. షిఫ్టులో నీళ్లు త్రాగుట, వేళకు తినుట మానవద్దు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే, ఐదు గంటలకు మించకుండ పనిచేసిన పిదప అర్ధగంట విరామమీయవలెనని వ్రాసినది. సొంత పనికి మనమే సేట్లము గనుక, ఆ విరామమును మనకు మనమే ఇచ్చుకొనవలెను.

చెవిని, రొమ్మును కూడ కనిపెట్టియుండవలెను. సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్లు దాటుట సాధారణము. 85 దాటిన చోట రోజుకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి ఉన్నచో వినికిడి తగ్గును. పోయిన వినికిడి తిరిగి రాదు. దూది పెట్టుకొన్నంత మాత్రమున చాలదు. చెవి ప్లగ్గులు వాడుడు. నూలు ధూళిలో పనిచేయువారికి సెలవు మరునాడు పనిలోకి రాగానే రొమ్ము బిగపట్టినట్లున్నచో అది ఊరక జలుబని త్రోసివేయక వైద్యునికి చూపించుకొనుడు.

కడపటి మాట. మగవాడు రాత్రి సొంత నేతకు కూర్చున్నచో, కండెలు చుట్టునది, అర్ధరాత్రి అన్నము వేడిచేయునది ఇంటి ఆడవారే. వారి నిద్ర కూడ ఆ గుడ్డలో పడుచున్నది. కావున పైన చెప్పిన లెక్కను భార్యాభర్తలిద్దరును కలిసి కూర్చుండి వేయవలెను. మల్లేశము గారి యంత్రము తల్లి భుజము కొరకు పుట్టినది. మన సొంత పని మరియొకరి భుజమునకు బరువు కాకుండ చూచుకొందము.