టైర్ మీద ఆ నంబర్లేంటి? పవర్‌ఫుల్ కారుకి కొత్త టైర్లు కొనేముందు ఇవి తెలుసుకోండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ నుంచి రిఫ్రెష్ రేట్ దాకా అన్నీ పోల్చి చూస్తాం. రెండు వేల రూపాయల ఇయర్‌బడ్స్ కొనాలన్నా నాలుగు రివ్యూలు చదువుతాం. అదే కారు టైర్ల దగ్గరికి వచ్చేసరికి "అన్నా, ఏది బాగుంటది?" అని షాపులో అడిగి, ఆయన చూపించింది వేయించుకుని వచ్చేస్తాం. ఇంజిన్ ఎంత పెద్దదైనా, ఏబీఎస్ ఎంత కొత్తదైనా, కారు రోడ్డుని తాకేది నాలుగు చోట్లే. ఒక్కో చోట దాదాపు మన అరచెయ్యంత రబ్బరు. ఆ రబ్బరు ఎంత పట్టుకుంటే బ్రేకు అంతే పడుతుంది.

నిజానికి టైర్‌కి కూడా స్పెక్ షీట్ ఉంది. వేరే ఎక్కడో కాదు, దాని సైడ్‌వాల్ మీదే అచ్చు వేసి ఉంటుంది. కాకపోతే అందులో కొన్ని నంబర్లు చాలా ముఖ్యం, కొన్ని మార్కెటింగ్‌కి దగ్గర, అన్నిటికంటే ముఖ్యమైన ఒక విషయం అసలు అక్కడ ఉండనే ఉండదు.

ఉదాహరణకి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 తీసుకుందాం. 150 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్. డ్రైవింగ్ ఇష్టపడేవాళ్లకి బాగా నచ్చే సెడాన్. దాని టైర్ సైజు 205/55 ఆర్16. ఈ సైజులో మామూలుగా కనిపించే పూర్తి కోడ్ 205/55 ఆర్16 91వి.

205 అంటే టైర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే సైడ్‌వాల్ ఎత్తు, కానీ మిల్లీమీటర్లలో కాదు, వెడల్పులో 55 శాతం అని. అంటే సుమారు 113 మి.మీ. ఆర్ అంటే రేడియల్, ఇప్పుడు కార్లకి వచ్చేవన్నీ దాదాపు అవే. 16 అనేది రిమ్ సైజు, అంగుళాల్లో. ఒకే కోడ్‌లో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ కలిపి రాశారు. ఏ ప్రోగ్రామర్ అయినా ఇలాంటి డేటా ఫార్మాట్ చేస్తే కోడ్ రివ్యూలోనే ఆపేస్తారు.

91 వచ్చేసి లోడ్ ఇండెక్స్. దానికి ఒక స్టాండర్డ్ టేబుల్ ఉంది. 91 అంటే ఒక్కో టైర్ 615 కిలోలు మోయగలదు, 94 అంటే 670 కిలోలు. నాలుగు 91 టైర్లు కలిపి 2,460 కిలోలు. కారు బరువుకి ఇది ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ గట్టిగా బ్రేక్ వేస్తే బరువు ముందుకి వస్తుంది, మలుపులో బయటి వైపు టైర్ మీద పడుతుంది. ఆ సమయానికి మార్జిన్ కావాలి. అందుకే కంపెనీ ఇచ్చిన ఇండెక్స్ కంటే తక్కువకి వెళ్లొద్దు. ఎక్కువైతే ఫర్వాలేదు. అదే సైజులో 94 కనిపిస్తే దాని పక్కన ఎక్స్‌ఎల్ అని ఉంటుంది, అంటే ఎక్స్‌ట్రా లోడ్. ఆ అదనపు బరువు మోయాలంటే దానికి గాలి కూడా కాస్త ఎక్కువ కావాలి.

చివరి అక్షరం స్పీడ్ రేటింగ్. టి అంటే గంటకు 190 కి.మీ., హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270, వై 300. "మనం 210లో ఎప్పుడు వెళ్తాం బ్రో, హెచ్ చాలదా?" అని చాలామంది అడుగుతారు. షాపులో కూడా వి స్టాక్ లేనప్పుడు ఇదే మాట చెప్తారు. ఈ రేటింగ్ ల్యాబ్‌లో డ్రమ్ మీద టైర్‌ని ఆ స్పీడులో తిప్పి చేసే పరీక్షది. ఆ వేడిని, ఆ బలాన్ని తట్టుకోవడానికి లోపలి నిర్మాణం గట్టిగా ఉండాలి. అందుకే రేటింగ్ ఎక్కువున్న టైర్లకి సాధారణంగా స్టీరింగ్ తిప్పగానే స్పందించే గుణం ఎక్కువ. మే నెల మధ్యాహ్నం, నలుగురు మనుషులు, డిక్కీ నిండా లగేజీ, గంటల తరబడి హైవే. అలాంటప్పుడు ఆ మార్జిన్ విలువ తెలుస్తుంది. కారు డోర్ పిల్లర్ మీద స్టిక్కర్‌లో లేదా మాన్యువల్‌లో ఏ అక్షరం ఉందో అంతకి తగ్గకండి.

అలాగని డబ్ల్యూ ఉన్న ప్రతి టైర్ వి కంటే మంచిది అనుకోవద్దు. కెమెరాలో మెగాపిక్సెల్స్ లాంటిదే ఇది. ఒక హద్దు దాటాక ఆ నంబర్ ఫోటో గురించి ఏమీ చెప్పదు. స్పీడ్ రేటింగ్ కూడా టైర్ ఆ వేగాన్ని తట్టుకుంటుందా అనే చెప్తుంది. వానలో ఆగుతుందా అనేది వేరే ప్రశ్న.

అసలు విషయం: తడి రోడ్డు మీద పట్టు

పవర్‌ఫుల్ కారు ఉన్నవాళ్లు నిజంగా చూడాల్సింది ఇది. బ్రేక్ వేశాక కారు ఆగే దూరం వేగంతో పాటు నేరుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో పోలిస్తే 120లో అదే బ్రేకు, అదే టైరుకి 2.25 రెట్లు దూరం పడుతుంది. ఓఆర్ఆర్ మీద మామూలుగా వెళ్లే వేగమే అది. దానికి తోడు జూలై వాన పడితే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. అక్కడ ఎంత పెరుగుతుందో నిర్ణయించేది రబ్బరు మిశ్రమం, టైర్ గాడులు. ఈ రెండిటి గురించీ 91వి ఒక్క ముక్క కూడా చెప్పదు.

మరి ఎక్కడ తెలుస్తుంది? కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అని మూడు పదాలు ఉంటాయి. ఇది అమెరికా పద్ధతి. ట్రెడ్‌వేర్ 400 అంటే, 100 అని పెట్టుకున్న రిఫరెన్స్ టైర్ కంటే నాలుగు రెట్లు నెమ్మదిగా అరుగుతుందని అర్థం. కానీ పరీక్ష చేసుకునేదీ, గ్రేడ్ ఇచ్చుకునేదీ తయారీ కంపెనీలే. ఫోన్ కంపెనీ తన స్లైడ్‌లో తనే చూపించే బెంచ్‌మార్క్ స్కోర్ అనుకోండి. ఒకే బ్రాండ్‌లో రెండు మోడళ్లు పోల్చడానికి పనికొస్తుంది, రెండు బ్రాండ్ల మధ్య పోలికకి అంతగా నమ్మలేం. మోటుగా చెప్పాలంటే 200, అంతకంటే తక్కువ ఉంటే ట్రాక్ మీద వాడే మెత్తటి రకం, 300 చుట్టుపక్కల స్పోర్ట్ రకం, 500 దాటితే ఎక్కువ కాలం వచ్చే టూరింగ్ రకం.

ట్రాక్షన్ గ్రేడ్‌లో డబుల్ ఏ అన్నిటికంటే పైది, తర్వాత ఏ, బి, సి. ఇది తడి రోడ్డు మీద బ్రేకింగ్ పరీక్షే, కానీ తిన్నగా వెళ్తూ, చక్రం లాక్ అయినప్పుడు చూసేది. మలుపులో పట్టు గానీ, నిలిచిన నీళ్ల మీద టైర్ తేలిపోవడం గానీ ఇందులో లెక్కలోకి రావు.

నా ఓటు యూరప్ లేబుల్‌కి. 2021 మే నుంచి అక్కడ కొత్త లేబుల్ నడుస్తోంది. తడి పట్టుకి ఏ నుంచి ఇ వరకు, ఇంధన ఆదాకి ఏ నుంచి ఇ వరకు, శబ్దానికి డెసిబెల్స్‌లో. మీరు చూస్తున్న మోడల్ అదే సైజులో యూరప్‌లో కూడా అమ్ముతుంటే ఆ లేబుల్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇక్కడ తయారైనదీ అక్కడ అమ్మేదీ ఒకే మిశ్రమం అని గ్యారంటీ లేదు కాబట్టి దాన్ని ఫైనల్ మార్కుల్లా కాకుండా ఒక సూచనలా చూడండి. తడి పట్టు ఏ లేదా బి ఉంటే ముందుకెళ్లొచ్చు. ఇంకో విషయం, మన బీఈఈ స్టార్లు చెప్పేది మైలేజీ సంగతి, అంటే టైర్ దొర్లడానికి ఎంత శక్తి తింటుందో అది. ఐదు స్టార్లు చూసి గ్రిప్ కూడా ఐదు స్టార్లు అనుకోవద్దు.

ఈ గ్రేడ్లన్నీ కొత్త టైర్లవి. కొత్త టైర్ గాడి లోతు సుమారు 7, 8 మి.మీ. ఉంటుంది. మన రూల్స్ ప్రకారం కార్లకి కనీసం 1.6 మి.మీ. ఉండాలి. గాడుల మధ్యలో చిన్న దిమ్మెల్లా కనిపించే గుర్తులు ఆ ఎత్తులోనే ఉంటాయి. రబ్బరు అరిగి వాటికి సమానమయ్యే దాకా ఆగితే చట్టం ప్రకారం ఓకే. కానీ నీళ్లని బయటికి తోసే పని అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. వానల్లో హైవే ఎక్కేవాళ్లు 3 మి.మీ. దగ్గరే మార్చేయడం నయం.

పెద్ద రిమ్ వేయిద్దామా?

కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. లెక్క సింపుల్. 205/55 ఆర్16 మొత్తం వ్యాసం సుమారు 632 మి.మీ. 225/45 ఆర్17 వేస్తే 634, అంటే తేడా అర శాతం కూడా లేదు. స్పీడోమీటర్, ఏబీఎస్ లెక్కలు తప్పవు. రిమ్ మార్చకుండా 215/55 ఆర్16 వేయిస్తే 643 అవుతుంది, తేడా 1.7 శాతం. మీటర్ చూపించే దానికంటే కారు ఆ మేరకు వేగంగా వెళ్తుంది.

17కి వెళ్తే మలుపుల్లో స్టీరింగ్ పదునుగా ఉంటుంది, నిజమే. దానికి బదులుగా సైడ్‌వాల్ 113 నుంచి 101 మి.మీ.కి తగ్గుతుంది. ఆ 12 మి.మీ. మన గుంతలకీ అల్లాయ్‌కీ మధ్య ఉన్న దిండు. రోజూ సిటీ రోడ్ల మీద తిరిగే కారుకైతే నేను అదే 16లో మంచి మిశ్రమం ఉన్న టైర్ తీసుకోమంటాను. రిమ్‌ల డబ్బు టైర్లలో పెడితే వానలో తేడా మీకే తెలుస్తుంది. ప్రతి వెడల్పుకీ సరిపోయే రిమ్ వెడల్పు కూడా ఉంటుంది. 205/55కి 5.5 నుంచి 7.5 అంగుళాలు. ఇది చూడకుండా ఇరుకు రిమ్‌కి వెడల్పు టైర్ ఎక్కిస్తే సైడ్‌వాల్ ఉబ్బి, మలుపులో ఊగినట్టు ఉంటుంది.

బీఎండబ్ల్యూ, ఆడి, మెర్సిడెస్ లాంటివి అయితే టైర్ మీద చిన్న స్టార్, ఏఓ, ఎంఓ లాంటి గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఆ కారు కంపెనీ కోసం ట్యూన్ చేసిన రకం అని అర్థం. వీలైతే అదే వేయించండి.

రెండే మార్చాలంటే

బడ్జెట్ వల్ల రెండే కొంటే కొత్తవి ఎక్కడ వేయాలి? ముందు చక్రాలే కారుని లాగుతాయి కాబట్టి ముందుకే అని అందరూ అనుకుంటారు, షాపులోనూ అలాగే వేస్తారు. కానీ కొత్తవి వెనక్కి వెళ్లాలి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే చాలాసార్లు అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది. అది ఆపడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి మాత్రం నాలుగూ కలిపి మార్చడమే మంచిది.

షాపులో ఫిట్టింగ్ మొదలుపెట్టకముందే తేదీ చూడండి. డాట్ అనే కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. పూర్తి కోడ్ ఒకవైపు సైడ్‌వాల్ మీదే ఉంటుంది కాబట్టి కనిపించకపోతే టైర్ తిప్పి చూడండి. నాలుగిటికీ చూడాలి, ఒకదానికి కాదు. భారీ డిస్కౌంట్ అన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, మన ఎండలకి ఇంకా త్వరగా. ఐఎస్ఐ మార్కు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఫిట్టింగ్ అయ్యాక గాలి ఎంత పెట్టాలన్నది డోర్ స్టిక్కర్ చెప్తుంది. సైడ్‌వాల్ మీద రాసిన మ్యాక్స్ ప్రెషర్ అనేది హద్దు, దాన్నే చూసి కొట్టించకండి. కారు నిలిపి చల్లారాక చూసిందే అసలు రీడింగ్. నైట్రోజన్ కోసం డబ్బులు కట్టాలా అంటే, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది. ఆ డబ్బు వీల్ అలైన్‌మెంట్‌కి పెట్టండి. కొత్త టైర్ పైపొర జారుడుగా ఉంటుంది, అందుకని మొదటి 300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగంగా మలుపులు వద్దు. స్టెప్నీ వేరే సైజు అయితే దాని మీద 80 కి.మీ. లిమిట్ స్టిక్కర్ ఉంటుంది, డిక్కీ తెరిచి అది కూడా ఓసారి చూసి పెట్టుకోండి.