రెండు ఈసీల ఊరు

శంషాబాద్ చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకునేవాళ్లు రెండు ఈసీలు చూసుకోవాలి. ఒకటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, రిజిస్టరైన తాకట్టు ఏదైనా ఉందా అన్నది అందులో ఉంటుంది. రెండోది కాగితం కాదు, నది. హిమాయత్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే ఈసీ.

మొదటి ఈసీ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవచ్చో లేదో చెప్పదు. అది చాలామటుకు నదికి సంబంధించిన సంగతి. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ నగరానికి రక్షణగా, తాగునీటికి ఆసరాగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటిలో మురుగు కలవకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 తెచ్చింది. 84 గ్రామాల్లో నిర్మాణాలకు పగ్గం పడింది. శంషాబాద్ మండలంలోని పలు ఊళ్లు ఆ జాబితాలోవే. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేస్తూనే జలాశయాల నీరు చెడకూడదని షరతు పెట్టింది. ‘ట్రిపుల్ వన్ పోయింది సార్’ అనే ఏజెంటు ఈ రెండో సగం మింగేస్తాడు. సర్వే నంబరు పట్టుకెళ్లి ఆ భూమి ఏ జోన్‌లో ఉందో హెచ్‌ఎండీఏ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

నేల చూశాక పైకీ చూడాలి. 2008 మార్చిలో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. పెద్దదాని పొడవు 4,260 మీటర్లు. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. వానాకాలపు పడమటి గాలిలో దిగేవి తూర్పు నుంచి వస్తాయి, గాలి మళ్లితే పడమటి నుంచి. రన్‌వేకు తిన్నగా ఉన్న ఇంటికి మోత ఎక్కువ. ఉత్తరానో దక్షిణానో ఉన్న ఇంటికి, ఇంకాస్త దగ్గరైనా, తక్కువే. ఆదివారం పొద్దున ఒక్కసారి చూసొస్తే ఇది తెలియదు. విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే కదా!

ఇక బ్రోచర్. ‘ఎయిర్‌పోర్టుకు 10 నిమిషాలు’. మామూలు కుటుంబం ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతుంది? పాల పాకెట్ రోజూ కావాలి. పైగా ఆ పది నిమిషాలు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లే కారుకు. బైకులను ఔటర్ ఎక్కనివ్వరు. పిల్లను స్కూటీ మీద ట్యూషన్‌కు దింపే తల్లికి సర్వీసు రోడ్డే గతి. ఆ దూరానికి ఎంతసేపు పడుతుందో సాయంత్రం ఆరింటికి మీరే బండి మీద వెళ్లి చూడండి. ఎంఎంటీఎస్ రైలు కూడా ఉందానగర్ దాకానే, విమానాశ్రయంలోకి కాదు.

పార్కు ఉందంటే, ఆ ఖాళీ స్థలం స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ అయిందా అని అడగండి. కాకపోతే ఇవాళ ఉయ్యాలలున్న చోట రేపు హద్దురాళ్లు లేవొచ్చు.

నీళ్ల సంగతి మాత్రం అమ్మేవాణ్ని అడగొద్దు. ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం వెళ్లి, ఆ వీధిలో ముందునుంచీ ఉంటున్న అక్కను అడగండి, ట్యాంకరు వారానికి ఎన్నిసార్లు వస్తోందని.