ముడుల్లో దాచిన లెక్క

ఒక లావుపాటి తాడు. దానికి వరసగా వేలాడే పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ దారాలు. ఆ దారాలకు ముడులు. ఆండీస్ పర్వతాల్లో ఇన్కా సామ్రాజ్యం జనాభానూ, పన్నులనూ, గిడ్డంగుల్లోని సరుకునూ పద్దు పెట్టుకున్న చిట్టా ఇదే. పేరు కిపు. కెచువా భాషలో ఆ మాటకు ముడి అనే అర్థం. స్పానిష్ పాలన వచ్చాక, 1583లో లిమాలో జరిగిన క్రైస్తవ మతసభ విగ్రహారాధనతో ముడిపడిన కిపులను నాశనం చేయమంది. నేడు ప్రపంచంలో మిగిలినవి వెయ్యికి పైన.

వాటిలోని లెక్కను 1912లో విప్పి చెప్పినవాడు అమెరికాకు చెందిన లెక్కల మాస్టారు లీలండ్ లాక్. దారం చివరన ఒకట్లు, దానిపైన పదులు, ఆపైన వందలు. 243 కావాలంటే పైన రెండు మామూలు ముడులు, మధ్యలో నాలుగు, అడుగున మూడు చుట్లు తిప్పిన పొడుగు ముడి. ఒకట్ల స్థానంలో 1 వస్తేనే చిక్కు: ఒక్క చుట్టు తిప్పితే అది మామూలు ముడే అయిపోతుంది. అందుకని అక్కడ ఇంగ్లీషు 8 ఆకారంలో ముడి వేశారు. సున్నా ఉన్నచోట ఖాళీ వదిలేశారు. కొన్ని కిపుల్లో పైకి కట్టిన దారం మీది సంఖ్య, దాని కింది గుంపు మొత్తానికి సరిపోయింది. లాక్ చదివింది నిజమని ఆ కూడికే రుజువు చేసింది.

సరే, ఆ 243 ఏమిటి? మనుషులా, మొక్కజొన్న బస్తాలా? ఆ ప్రశ్నకు జవాబు ముడిలో దొరకలేదు. 2018లో హార్వర్డ్ విద్యార్థి మానీ మెడ్రానో, ఆచార్యుడు గ్యారీ అర్టన్ పెరూలోని శాంటా లోయకు చెందిన ఆరు కిపులను 1670 నాటి స్పానిష్ పన్నుల పత్రంతో పోల్చారు. దారాన్ని తాడుకు ముందు నుంచి కట్టారా, వెనక నుంచి కట్టారా అన్నదాన్ని బట్టి ఆ దారం సూచించే మనిషి ఊళ్లోని ఏ వర్గానికి చెందినవాడో తెలుస్తుందని ప్రతిపాదించారు.

పెరూలోనే సాన్ హువాన్ దె కొల్యాటా ఊరి పెద్దలు పరిశోధకురాలు సబీన్ హైలాండ్‌కు మరో దారి చూపారు. అక్కడి కిపుల్లో ఆరు రకాల జంతువుల బొచ్చు ఉంది. ఏది ఏ జంతువుదో కళ్లతో కాదు, చేత్తో తడిమి తెలుసుకోవాలన్నారు వాళ్లు. రంగూ, పోగూ, పురీ కలిపి చూస్తే వాటిలో 95 రకాల దారాలు తేలాయని ఆమె 2017లో రాశారు.

మ్యూజియంలో కిపు కనిపిస్తే గాజు ముందు ఒక్క నిమిషం ఆగండి. దారం చివరి ముడి చుట్లు లెక్కపెట్టి, అక్కడి నుంచి పైకి రండి. 500 ఏళ్ల కిందటి సంఖ్యను మీరే చదవగలరు.